అన్నంభట్టు

అన్నంభట్టు 17వ శతాబ్దానికి చెందిన ఆంధ్ర పండితుడు, నైయాయికుడు, వ్యాకరణవేత్త. సంస్కృతంలో ఈయన రచించిన తర్కసంగ్రహం, దానికి తానే రాసిన దీపిక అనే వ్యాఖ్య భారతీయ తర్కశాస్త్రంలో అడుగుపెట్టే విద్యార్థులకు మూడు శతాబ్దాలకు పైగా తొలి పాఠ్యగ్రంథాలుగా ఉన్నాయి. తెలిసిన విషయం నుండి తెలియని విషయాన్ని మనిషి ఎలా నిర్ధారించుకుంటాడు, ఆ క్రమంలో మనస్సులో ఏయే జ్ఞానాలు ఏ వరుసలో పుడతాయి, ఎక్కడ పొరపాటు జరుగుతుంది అనే ప్రశ్నలకు ఈ రెండు గ్రంథాలు క్లుప్తంగా, స్పష్టంగా సమాధానం చెబుతాయి.

కుటుంబం, స్వస్థలం

తన గ్రంథాల చివర రాసుకున్న గద్యలలో అన్నంభట్టు తన వంశాన్ని పేర్కొన్నాడు. తండ్రి పేరు తిరుమలాచార్యుడు. ఆయన అద్వైత వేదాంతంలో గొప్ప విద్వాంసుడు, అద్వైతవిద్యాచార్యుడనే బిరుదు కలవాడు. వీరి వంశానికి మూలపురుషుడు రాఘవ సోమయాజి. సోమయాజి అనే పేరు ఆ కుటుంబంలో వైదిక యజ్ఞ సంప్రదాయం ఉండేదని సూచిస్తుంది. స్వస్థలం విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. కొందరు చిత్తూరు ప్రాంతమని, మరికొందరు కృష్ణా తీరంలోని గరికపాడు అని చెబుతారు. ఈయన తెలుగువాడని, ఉన్నత విద్య కోసం కాశీకి వెళ్ళి అక్కడ స్థిరపడ్డాడని చెప్పడంలో మాత్రం అందరూ ఏకీభవిస్తారు.

కాశీలో విద్యాభ్యాసం

16, 17 శతాబ్దాలలో కాశీ నగరం దేశం నలుమూలల నుండి వచ్చిన పండితులకు కేంద్రం. ఆంధ్ర, మహారాష్ట్ర ప్రాంతాల నుండి వెళ్ళిన అనేక కుటుంబాలు అక్కడ పాఠశాలలు నడిపేవి. వ్యాకరణంలో శేష వంశీయులు ప్రసిద్ధులు. అన్నంభట్టు మహాభాష్యాన్ని ఈ వంశానికి చెందిన శేష వీరేశ్వర పండితుని వద్ద చదువుకున్నాడు. తన వ్యాకరణ గ్రంథం ఆరంభంలో ఆ గురువుకు నమస్కరించాడు.

ఇదే గురువు వద్ద చదివిన మరొక తెలుగువాడు పేరుభట్టు. ఈయనది గోదావరి డెల్టాలోని ముంగండ అగ్రహారం (ప్రస్తుతం డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఉంది). పేరుభట్టు కుమారుడే షాజహాన్ ఆస్థానంలో గౌరవం పొందిన జగన్నాథ పండితరాయలు. తన తండ్రి న్యాయ వైశేషికాలను మహేంద్ర పండితుని వద్ద, వేదాంతాన్ని జ్ఞానేంద్ర భిక్షువు వద్ద నేర్చుకున్నాడని, కాశీలో మీమాంస చదివాడని జగన్నాథుడు రసగంగాధరం మొదట్లో చెప్పాడు. కృష్ణా గోదావరి ప్రాంతాల విద్యార్థి ఆనాడు ఒకే శాస్త్రంతో ఆగకుండా వ్యాకరణం, తర్కం, మీమాంస, వేదాంతం అన్నీ చదివేవాడనడానికి ఇది నిదర్శనం. అన్నంభట్టు రచనల జాబితా కూడా ఇదే విషయాన్ని తెలుపుతుంది.

రచనలు

* తర్కసంగ్రహం - న్యాయ వైశేషికాలకు ప్రవేశిక
* దీపిక - తర్కసంగ్రహానికి స్వీయ వ్యాఖ్య
* సిద్ధాంజనం - జయదేవుని మణ్యాలోకానికి వ్యాఖ్య (న్యాయం)
* మితాక్షర - పాణిని అష్టాధ్యాయికి వృత్తి (వ్యాకరణం)
* ఉద్ద్యోతనం - మహాభాష్యంపై కైయటుడు రాసిన ప్రదీపానికి వ్యాఖ్య (వ్యాకరణం)
* రాణకోజ్జీవిని - సోమేశ్వరుని న్యాయసుధకు వ్యాఖ్య (మీమాంస)
* మితాక్షర - బ్రహ్మసూత్రాలకు వృత్తి (వేదాంతం)

వీటిలో పెద్ద గ్రంథాలు పండితులకే పరిమితం కాగా, అన్నింటికంటే చిన్నదైన తర్కసంగ్రహం రచయిత పేరును నిలబెట్టింది.

తర్కసంగ్రహం

న్యాయశాస్త్రానికి మూలం గౌతముని న్యాయసూత్రాలు. వైశేషికానికి మూలం కణాదుని సూత్రాలు. 14వ శతాబ్దంలో మిథిలకు చెందిన గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణి రాసిన తరువాత నవ్యన్యాయం అనే కొత్త పద్ధతి ఏర్పడింది. దాని పరిభాష ఎంతో సూక్ష్మమైనది. ఒక్కొక్క నిర్వచనంలో ఒక్కొక్క పదం ఎందుకుందో వివరించడానికే పుటలు పట్టేవి. కొత్తగా చదువుకునేవారికి ఆ శాస్త్రం దుర్గమంగా ఉండేది.

ఈ ఇబ్బందిని తొలగించడానికే అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని రాశాడు. పిల్లలు సులభంగా తెలుసుకోవడం కోసం ఈ గ్రంథం చేస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పాడు. ఇక్కడ పిల్లలంటే వయసులో చిన్నవారని కాదు, కావ్యాలు, వ్యాకరణం, కోశం చదివి న్యాయం ఇంకా చదవనివారని వ్యాఖ్యాతలు వివరించారు. ముద్రణలో మూలం కొద్ది పుటలకు మించదు. వాక్యాలు చిన్నవి. ప్రతి పదార్థానికి ముందు లక్షణం, తరువాత విభాగం, తరువాత ఉదాహరణ అనే క్రమం కనిపిస్తుంది. మూలంలో సందేహాలకు, వాదాలకు చోటివ్వలేదు. వాటిని దీపికలో చర్చించాడు. అందువలన విద్యార్థి మొదటిసారి మూలం, రెండవసారి దీపిక చదివే వీలు కలిగింది.

ప్రపంచంలోని వస్తువులన్నింటినీ ఈ గ్రంథం 7 పదార్థాలుగా విభజిస్తుంది. అవి ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. ద్రవ్యాలు 9, గుణాలు 24, కర్మలు 5. జ్ఞానాన్ని, అంటే బుద్ధిని, ఆత్మకు చెందిన గుణంగా లెక్కించారు. అందువలన తర్కం, ప్రమాణాలు మొదలైన విషయాలన్నీ గుణాల ప్రకరణంలోనే వస్తాయి.

జ్ఞానం రెండు విధాలు: స్మృతి, అనుభవం. కేవలం సంస్కారం వలన పుట్టేది స్మృతి. మిగిలినది అనుభవం. అనుభవం యథార్థం కావచ్చు, అయథార్థం కావచ్చు. యథార్థానుభవం నాలుగు విధాలు: ప్రత్యక్షం, అనుమితి, ఉపమితి, శాబ్దం. అయథార్థం మూడు విధాలు: సంశయం, విపర్యయం, తర్కం.

అనుమాన ప్రక్రియ

తర్కసంగ్రహంలో ఎక్కువగా చదివే భాగం అనుమాన ఖండం. తెలుగులో నేడు అనుమానమంటే సందేహమనే అర్థం ఉన్నది. శాస్త్రంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అర్థం. నిశ్చయ జ్ఞానానికి సాధనమైనదే అనుమానం. దాని వలన కలిగే జ్ఞానం అనుమితి.

పొగను బట్టి కొండమీద నిప్పు ఉన్నదని తెలుసుకోవడం ఇందుకు సంప్రదాయంగా చెప్పే ఉదాహరణ. న్యాయసూత్రాల కాలం నుండి ఉన్న మరొక ఉదాహరణ నదికి సంబంధించినది. గోదావరి ఒడ్డున ఉండేవారికి ఇది బాగా పరిచయమైన విషయం. రాజమండ్రిలో చినుకు పడదు. అయినా ఆషాఢ శ్రావణ మాసాలలో నీరు ఎర్రబడి, నురగతో, కొట్టుకువచ్చే కర్రలతో, వడిగా పెరుగుతుంది. అది చూసినవాడు ఎగువ ప్రాంతాలలో వాన కురిసిందని తెలుసుకుంటాడు. అన్నంభట్టు చెప్పిన క్రమాన్ని ఈ ఉదాహరణకు వర్తింపజేస్తే ఇలా ఉంటుంది.

# ఎర్రనీటి వరద వచ్చిన ప్రతిసారీ ఎగువన వాన పడిందని అతడు అనేకసార్లు చూసి లేదా విని ఉన్నాడు. దీనిని భూయోదర్శనం అంటారు. దీని వలన ఆ రెండింటికీ విడదీయరాని సంబంధం ఉన్నదని గ్రహించాడు. ఈ సంబంధమే వ్యాప్తి.
# ఇప్పుడు ఎగువన వాన పడిందా లేదా అన్న సందేహం కలిగింది. సందేహానికి గురియైన స్థలాన్ని పక్షం అంటారు.
# ఎర్రనీరు కంటబడింది. ఇది హేతువు, లేదా లింగం.
# పూర్వం గ్రహించిన వ్యాప్తి జ్ఞాపకం వచ్చింది.
# వానతో విడదీయరాని సంబంధం గల ఎర్రనీరే ఇప్పుడు ఈ నదిలో ఉన్నదని ఒక విశిష్టమైన జ్ఞానం కలిగింది. దీని పేరు పరామర్శ.
# ఎగువన వాన పడిందన్న నిశ్చయం కలిగింది. ఇదే అనుమితి.

ఈ వరుసలో పరామర్శకు అన్నంభట్టు ప్రాధాన్యమిచ్చాడు. నియమం తెలిసి ఉండవచ్చు, ఎదుట గుర్తు కనిపిస్తూ ఉండవచ్చు. ఆ రెండూ కలిసి ఒకే జ్ఞానంగా ఏర్పడనంత వరకు నిశ్చయం కలగదని నైయాయికుల మతం. నియమం గుర్తుకు రావడం, గుర్తు కనబడడం, ఈ రెండు జ్ఞానాలే చాలునని మీమాంసకులు వాదించారు. ఎవరైనా చెప్పిన మాట వలన ఆ రెండూ కలిసిన జ్ఞానమే నేరుగా కలిగినచోట పరామర్శను ఒప్పుకోక తప్పదు కాబట్టి, అన్నిచోట్లా అదే కారణమనడం లాఘవమని దీపికలో సమాధానమిచ్చాడు.

దీపికలో మరొక సూక్ష్మమైన అంశం పక్షత. అప్పటికే నిశ్చయంగా తెలిసిన విషయాన్ని మనస్సు మళ్ళీ ఊహించదు. అయితే ఊహించి నిరూపించాలన్న కోరిక ఉంటే తెలిసిన విషయంలో కూడా అనుమితి కలుగుతుంది. ఈ కోరికకు శాస్త్రంలో సిషాధయిష అని పేరు. ఆలోచనకు కారణమయ్యే సామగ్రిలో ఆలోచించేవాని ఇచ్ఛకు కూడా స్థానం కల్పించడం ఇందులోని విశేషం.

వ్యాప్తి ఎలా తెలుస్తుంది?

అనేకసార్లు చూసినంత మాత్రాన నియమం స్థిరపడుతుందా అన్న ప్రశ్నను అన్నంభట్టు దీపికలో తానే లేవనెత్తాడు. పార్థివ వస్తువులను ఇనుముతో గీయవచ్చునని వందలసార్లు చూసినా, వజ్రం విషయంలో అది తప్పుతుంది. కాబట్టి సంఖ్య ఒక్కటే చాలదు. రెండూ కలిసి ఉండడం తెలియాలి, దానితోపాటు ఒకటి ఉండి రెండవది లేని సందర్భం తెలియకుండా ఉండాలి అని ఈయన సిద్ధాంతం. వ్యతిరేక సందర్భం ఉన్నదని తెలిసినా, ఉండవచ్చునని శంక కలిగినా నియమం నిలబడదు.

ఆ శంకను తొలగించేది తర్కం. నిప్పు లేకపోతే పొగ కూడా ఉండకపోయేది అని ఊహించడమే తర్కం. ఎదుట పొగ కనిపిస్తుండగా పొగ లేని స్థితిని ఊహిస్తున్నాము కనుక దీనిని అయథార్థ జ్ఞానాలలో చేర్చారు. అయినా ఇది ప్రమాణాలకు తోడ్పడుతుంది. జరగనిదానిని ఊహించి జరిగినదానిని నిర్ధారించుకోవడం మానవ బుద్ధికి సహజమైన పద్ధతి అని ఈ విభాగం గుర్తు చేస్తుంది.

ఇతరులకు నిరూపించడం

అనుమానం స్వార్థం, పరార్థం అని రెండు విధాలు. పైన చెప్పిన క్రమం స్వార్థానుమానం, అంటే తనకోసం చేసుకునేది. అదే విషయాన్ని ఇతరులకు తెలియజెప్పడానికి 5 అవయవాలు గల వాక్యాన్ని ఉపయోగించాలి.

* ప్రతిజ్ఞ: ఎగువన వాన పడింది.
* హేతువు: నదిలో ఎర్రనీరు వడిగా పెరగడం వలన.
* ఉదాహరణ: ఎప్పుడు అలా పెరిగితే అప్పుడు ఎగువన వాన పడి ఉంటుంది, గత ఏటి వరదలాగా.
* ఉపనయం: ఇప్పుడు కూడా నది అలాగే పెరిగింది.
* నిగమనం: కాబట్టి ఎగువన వాన పడింది.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన న్యాయవాక్యంలో 3 భాగాలే ఉంటాయి. ఈ తేడాను బట్టి భారతీయ పద్ధతిలో పునరుక్తి ఉన్నదని కొందరు పాశ్చాత్యులు విమర్శించారు. అయితే పంచావయవ వాక్యం వినేవాని కోసం ఏర్పడినది. ఏమి నిరూపించబోతున్నారో ముందు చెప్పడం, అతడు ఒప్పుకున్న దృష్టాంతాన్ని చూపడం, చివరకు మొదటి మాటకు తిరిగి రావడం, ఇవన్నీ అతని మనస్సులో పరామర్శను పుట్టించడానికే. స్వార్థంలోనైనా, పరార్థంలోనైనా అనుమితికి కరణం లింగపరామర్శ ఒక్కటేనని అన్నంభట్టు స్పష్టం చేశాడు.

హేత్వాభాసాలు

హేతువులాగా కనిపించి హేతువు కానిది హేత్వాభాసం. తర్కసంగ్రహం వీటిని 5 విధాలుగా చెబుతుంది.

* సవ్యభిచారం: సాధించదలచినది లేనిచోట కూడా ఉండే హేతువు. నీటిమట్టం పెరిగింది కాబట్టి వాన పడిందనడం ఇటువంటిది. దిగువన అడ్డుకట్ట వేసినా మట్టం పెరుగుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట ఎగువన నివసించేవారికి ఇది తెలిసిన విషయమే. ఈ ఆక్షేపణ న్యాయసూత్రాలలోనే ఉన్నది. మట్టం ఒక్కటే కాక వడి, నురగ, కొట్టుకువచ్చే ఆకులు, కర్రలు మొదలైన విశేషాలను చేర్చినప్పుడే హేతువు సరియైనదవుతుంది.
* విరుద్ధం: సాధించదలచినదానికి వ్యతిరేకమైనదానినే నిరూపించే హేతువు. శబ్దం పుట్టేది కాబట్టి నిత్యమనడం ఇటువంటిది.
* సత్ప్రతిపక్షం: వ్యతిరేక నిర్ణయాన్ని నిరూపించే మరొక హేతువు ఎదురుగా నిలిచినది.
* అసిద్ధం: హేతువుకు ఆధారమైన వస్తువే లేకపోవడం, హేతువు పక్షంలో లేకపోవడం, లేదా వ్యాప్తికి ఏదో షరతు ఉండడం.
* బాధితం: సాధించదలచినది లేదని మరొక ప్రమాణం వలన ముందే తేలిపోయినది. నిప్పు ద్రవ్యం కాబట్టి చల్లగా ఉంటుందనడం ఇటువంటిది.

అసిద్ధంలోని మూడవ రకానికి ఇచ్చిన ఉదాహరణ ముఖ్యమైనది. పొగ ఉంటే నిప్పు ఉంటుంది. దీనిని తిరగవేసి, నిప్పు ఉన్నది కాబట్టి పొగ ఉన్నదనడం తప్పు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పు నుండి పొగ రావాలంటే తడి కట్టె తగలాలి. ఇలా మరుగున ఉన్న షరతును ఉపాధి అంటారు.

ఆధునిక మనస్తత్వశాస్త్రం

మనుషులు తార్కిక నిర్ణయాలు ఎలా చేస్తారన్న విషయంపై ప్రయోగాలు 20వ శతాబ్దంలో విస్తరించాయి. బ్రిటిష్ మనస్తత్వవేత్త పీటర్ వాసన్ 1966లో ప్రకటించిన నాలుగు కార్డుల పరీక్ష వీటిలో ప్రసిద్ధమైనది. దానిని తెలుగు అక్షరాలతో చెబితే ఇలా ఉంటుంది. ప్రతి కార్డుకు ఒకవైపు అక్షరం, రెండవవైపు అంకె ఉంటాయి. బల్లమీద అ, క, 4, 7 కనిపిస్తున్నాయి. ఒకవైపు అచ్చు ఉంటే రెండవవైపు సరిసంఖ్య ఉండాలన్న నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పి చూడాలి? సరైన సమాధానం అ, 7. చదువుకున్నవారిలో కూడా చాలామంది అ ఒక్కటే, లేదా అ, 4 ఎంచుకుంటారు.

తర్కసంగ్రహం చదివినవారు దీనిని తమ పరిభాషలో గుర్తించగలరు. అ కార్డు అన్వయాన్ని, అంటే హేతువు ఉంటే సాధ్యం ఉండడాన్ని పరీక్షిస్తుంది. 7 వ్యతిరేకాన్ని, అంటే సాధ్యం లేనిచోట హేతువు లేకపోవడాన్ని పరీక్షిస్తుంది. 4ను అవసరమనుకోవడం నిప్పును బట్టి పొగను ఊహించడం వంటిది. 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే పరిశోధకులు ఇదే పరీక్షను మద్యం తాగేవారి వయసుకు సంబంధించిన నియమంతో పెట్టినప్పుడు ఎక్కువమంది సరిగా సమాధానమిచ్చారు. తెలిసిన విషయం ఆధారంగా ఉన్నప్పుడు ఆలోచన తేలికవుతుందని దీనివలన తెలిసింది. పంచావయవ వాక్యంలో దృష్టాంతాన్ని తప్పనిసరి చేయడాన్ని ఈ ఫలితంతో పోల్చవచ్చు.

ఫిలిప్ జాన్సన్-లెయిర్డ్ 1983లో ప్రచురించిన గ్రంథంలో మనుషులు నియమాలను యాంత్రికంగా అన్వయించరని, పరిస్థితికి మనస్సులో ఒక నమూనాను నిర్మించుకుంటారని ప్రతిపాదించాడు. అదే సంవత్సరం ఎవాన్స్ బృందం, నిర్ణయం నమ్మశక్యంగా ఉంటే దానికి దారితీసిన వాదం తప్పైనా చాలామంది ఒప్పుకుంటారని ప్రయోగాలతో చూపింది. తర్కబుద్ధికి ముఖ్య ప్రయోజనం ఇతరులతో వాదించడమేనని మెర్సియే, స్పెర్బర్ 2011లో వాదించారు. ఇది స్వార్థ, పరార్థ విభాగాన్ని తలపిస్తుంది.

అయితే ఈ పోలికలకు హద్దు ఉన్నది. అన్నంభట్టు ప్రయోగాలు చేయలేదు. సగటు మనిషి ఎన్నిసార్లు పొరబడతాడన్నది ఆయన ప్రశ్న కాదు. పైగా ఆధునిక తర్కం వాదం యొక్క రూపాన్ని, నిర్ణయం యొక్క సత్యాన్ని వేరు చేస్తుంది. న్యాయశాస్త్రంలో అనుమానం యథార్థ జ్ఞానానికి సాధనం. నిర్ణయం అబద్ధమని ముందే తెలిస్తే హేతువే దుష్టమవుతుంది. బాధితాన్ని హేత్వాభాసాలలో చేర్చడానికి కారణం ఇదే.

వ్యాఖ్యలు, అనువాదాలు

తర్కసంగ్రహానికి అనేక వ్యాఖ్యలు వచ్చాయి. గోవర్ధనుని న్యాయబోధిని, చంద్రజసింహుని పదకృత్యం మూలానికి ప్రసిద్ధ వ్యాఖ్యలు. దీపికకు నీలకంఠుడు ప్రకాశిక రాయగా, దానికి ఆయన కుమారుడు లక్ష్మీనృసింహుడు భాస్కరోదయ రాశాడు. 19వ శతాబ్ది మధ్యలో బెనారస్ సంస్కృత కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ బాలంటైన్ ఈ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. అథల్యే విపుల వివరణతో, బోడస్ పీఠికతో బొంబాయి సంస్కృత గ్రంథమాలలో 1897లో వచ్చిన ముద్రణ విశ్వవిద్యాలయాలలో ప్రామాణికమైంది. మద్రాసులో మహామహోపాధ్యాయ కుప్పుస్వామి శాస్త్రి 1932లో దీని ఆధారంగా భారతీయ తర్కశాస్త్రానికి ఇంగ్లీషులో ప్రవేశికను ప్రచురించాడు. గోపీనాథ భట్టాచార్య మూలాన్ని, దీపికను కలిపి చేసిన ఇంగ్లీషు అనువాదం 1976లో కలకత్తాలో వెలువడింది.

తెలుగులో తర్కశాస్త్రాన్ని వచనంలో అందించే ప్రయత్నాలు 19వ శతాబ్దంలో మొదలయ్యాయి. రాజమండ్రికి చెందిన కందుకూరి వీరేశలింగం (1848-1919) కూడా ఈ శాస్త్రంపై పుస్తకం రాశాడు.

ప్రాచుర్యం

కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడనే అర్థంలో సంస్కృతంలో ఒక లోకోక్తి ఉన్నది. చదువుకు ఊరు మారితే సరిపోదు, శ్రమ కూడా కావాలని దాని భావం. సంప్రదాయ పాఠశాలలలో తర్కసంగ్రహం పూర్తిచేసిన విద్యార్థి సాధారణంగా విశ్వనాథ పంచాననుని న్యాయసిద్ధాంతముక్తావళికి వెళతాడు. సంస్కృత కళాశాలలలో, విశ్వవిద్యాలయాల తత్త్వశాస్త్ర విభాగాలలో ఇది నేటికీ పాఠ్యగ్రంథంగా ఉన్నది. వ్యాకరణం, మీమాంస, వేదాంతం చదివేవారు కూడా ముందుగా దీనిని చదవడం ఆనవాయితీ. తరువాతి శాస్త్రాలలోని వాదాలన్నీ హేతువు, వ్యాప్తి, పక్షం అనే ఈ పరిభాషలోనే నడవడం ఇందుకు కారణం.